పునర్జన్మ లేని ధర్మము

పునర్జన్మమునందు విశ్వాసము సడలినచో లోకమున ధర్మమునకు నిలువనీడ యుండదను మాట మన పురాణవేదికలపైనను, పండితగోష్ఠులయందును, నాస్తికులను ఖండించు పత్రికావ్యాసములయందును తఱచుగా వినవచ్చుచుండును. చేసిన పాపము వచ్చు జన్మమున ననుభవింపవలసి వచ్చునను భయమే లేకున్నచో మనుష్యుడు పరుల సొమ్ము హరింపక యేల యుండును, ముసలి తల్లిదండ్రులకు పట్టెడన్నమేల పెట్టునని యడుగువారు, తమ ప్రశ్నకు ప్రత్యుత్తరము లేదనియే నమ్మియుందురు. ప్రత్యుత్తరము కలదు. అది మన చార్వాకులనుండి వచ్చినది కాదు. పాశ్చాత్య భౌతికవాదులనుండి వచ్చినదియు కాదు. పునర్జన్మమును, స్వర్గనరకములను నిస్సంకోచముగ నిరాకరించుచునే, మాతాపితృసేవయందును, రాజధర్మమునందును, ఆత్మనిగ్రహమునందును మన స్మృతికర్తలకు ఏమాత్రమును తీసిపోని కాఠిన్యమును బోధించిన చైనాదేశపు కన్ఫ్యూషియస్ సంప్రదాయపండితులనుండి, ముఖ్యముగ సుంగ్ రాజవంశకాలమున, అనగా 11, 12 శతాబ్దములయందు, ఆ సంప్రదాయమునకు నూతనజీవము పోసిన తాత్త్వికులనుండి వచ్చినది.

వీరి వాదము ప్రధానముగ బౌద్ధులపై నెక్కుపెట్టబడినది. మన దర్శనగ్రంథములతో పరిచయమున్న పాఠకునకు ఇచ్చట మొదటి వింత గోచరించును. మనదేశమున కుమారిలభట్టు మొదలుకొని, 10వ శతాబ్దపు చివరిభాగమున వర్ధిల్లి ఆత్మతత్త్వవివేకమును రచించిన ఉదయనాచార్యుని వఱకు, ఆస్తికదార్శనికులు బౌద్ధులను నిలదీసినది ఆత్మను కాదన్నందులకు. క్షణక్షణమును నశించు స్కంధసమూహము తప్ప స్థిరమగు ఆత్మ లేదన్నచో, నేడు కర్మ చేసినవాడొకడును, రేపు ఫలము కుడుచువాడు వేఱొకడును అగునుగదా, కృతహానము, అకృతాభ్యాగమము అను రెండు దోషములును మీ మెడకు చుట్టుకొనునుగదా, అని మనవారి యాక్షేపము. చైనాలో దీనికి తలక్రిందులైన కథ జరిగినది. అచ్చటి ఖండకులు బౌద్ధులను దూషించినది, దేహము పడిపోయిన పిమ్మటను చెడని ఆత్మ యొకటి కలదనియు, అది యొక శరీరమునుండి మఱియొక శరీరమునకు పోవుననియు బోధించినందులకు. ఉదయనాచార్యుడును, సుంగ్ తాత్త్వికులలో అగ్రగణ్యుడగు జూ షీయును ఒక సభలో కూర్చుండుట సంభవించియున్నచో, ఇరువురును బౌద్ధుని నోడించుటకే వచ్చితిమని తెలిసికొని మిగుల సంతోషించి, వాదము మొదలైన క్షణముననే ఒకరినొకరు ఖండించుకొనియుందురు.

ఇది చైనా పండితుల యజ్ఞానమువలన పుట్టిన పొరపాటని త్రోసివేయరాదు. క్రీస్తుశకము 1వ శతాబ్దప్రాంతమున బౌద్ధము చైనా చేరునాటికి, మరణించిన పితరులు సంతతిని కనిపెట్టియుందురనియు, వారికి అన్నపానములు నివేదింపవలెననియు ఆ జనులు నమ్మియుండిరేకాని, కర్మవశమున చచ్చినవాడు పరులయింట శిశువైయో, అడవిలో మృగమైయో మరల పుట్టునను సిద్ధాంతము వారికి క్రొత్త. అట్టివారికి కర్మఫలమును బోధింపబూనిన భిక్షువులకు మొదట నెదురైన ప్రశ్న ఉదయనుని ప్రశ్నయే: ఫలము ననుభవించువాడెవడు? శూన్యతావాదపు సూక్ష్మములు అంగడివీథిలో నిలువవు. కావున చెడని చిత్పదార్థమొకటి కలదని చెప్పుటయే సుకరమయ్యెను. లూషాన్ పర్వతముపై భిక్షుసంఘమును నడపి 416లో మరణించిన హుయి యువాన్ అను మహాపండితుడు, అగ్ని యొక కట్టెనుండి మఱియొక కట్టెకు సంక్రమించునట్లు ఆత్మ దేహమునుండి దేహమునకు పోవునని వ్రాసెను. ఆ కాలముననే చాంగాన్ నగరమున కుమారజీవుడు, ఆంధ్రదేశముతోను శాతవాహనరాజుతోను సంప్రదాయము ముడివెట్టిన నాగార్జునుని మధ్యమకశాస్త్రమును చైనాభాషలోనికి తెచ్చెను. ఆ యనువాదము 409 నాటిది. హుయి యువాన్ కుమారజీవుల నడుమ ఉత్తరప్రత్యుత్తరములును జరిగినవి. ఇచ్చటినుండి అచ్చటికి పోవు వస్తువేదియు లేదు, హేతుప్రత్యయపరంపర మాత్రమే కొనసాగునను మాధ్యమికసిద్ధాంతము పండితభిక్షువుల మఠములలో నిలిచినది. జనసామాన్యము మాత్రము చెడని యాత్మనే పట్టుకొనెను. తరువాతి ఖండకుల దెబ్బ తగిలినది ఈ జనసామాన్యపు బౌద్ధమునకు.

ఆ ఖండనమునకు పదును పెట్టినవాడు సుంగ్ తాత్త్వికులకు అయిదువందల యేండ్లు ముందటివాడగు ఫాన్ జెన్. ఈయన కథ నాకు మిక్కిలి ప్రియమైనది గనుక కొంత విస్తరించి చెప్పుదును. దక్షిణ చీ రాజవంశమున షియావ్ జిలియాంగ్ అను రాజకుమారుడు గొప్ప బౌద్ధభక్తుడు, విద్వత్పోషకుడు. పూర్వజన్మకర్మను నమ్మవైతివేని లోకమున నొకడు ధనికుడుగను మఱియొకడు దరిద్రుడుగను పుట్టుటకు కారణమేమి చెప్పుదువని ఆయన ఫాన్ జెన్‌ను నిండుసభలో నడిగెను. ఒకే చెట్టున పూచిన పూవులు గాలికి రాలునప్పుడు కొన్ని తెరలను రాచుకొని మెత్తని యాసనములపై బడును, కొన్ని కంచె దాటి పెంటగుంటలో బడును. ఆసనముపై బడినది తమరు, గుంటలో బడినది నేను. ఇందు పూవులు పూర్వము చేసికొన్న పాపపుణ్యములెక్కడివని ఆయన బదులు చెప్పెను. రాజకుమారునకు మాట తోచలేదని చరిత్రకారులు వ్రాసియున్నారు.

అనంతరము ఫాన్ జెన్ ఆత్మవినాశమునుగూర్చి యొక చిన్న గ్రంథము రచించెను. కత్తికి పదునెట్టిదో దేహమునకు చైతన్యమట్టిదనియు, కత్తి పోయి పదును మాత్రము మిగిలియుండుట యెవడును విని యెఱుగడనియు దాని సారము. మన చార్వాకులు కిణ్వాదిద్రవ్యములనుండి మదశక్తి పుట్టునట్లు భూతచతుష్టయమునుండి చైతన్యము పుట్టునన్న వాదమునకు ఇది తోబుట్టువు. ఈ మతమును విడిచినచో నీ పాండిత్యమునకు పెద్దకొలువు దొరకునని యొక మిత్రుడు రాయబారము తెచ్చెను. సిద్ధాంతమును అమ్ముకొని పదవి సంపాదింపదలచితినేని ఈపాటికి మంత్రినే యైయుందునని ఫాన్ జెన్ నవ్వి త్రోసిపుచ్చెను. రాజ్యము మాఱి లియాంగ్ వంశపు వూ చక్రవర్తి సింహాసన మెక్కెను. ఈ చక్రవర్తి పలుమాఱులు తన్ను తాను విహారమునకు దాసునిగ సమర్పించుకొనగా మంత్రులు కోట్లకొలది ద్రవ్యము చెల్లించి విడిపించుకొనవలసివచ్చినంతటి భక్తుడు. ఆయన 507 ప్రాంతమున ఆస్థానమువారిని ప్రేరేపింపగా అఱువదిమందికి పైగా ప్రముఖులు ఫాన్ జెన్‌కు వ్యతిరేకముగ సమాధానములు వ్రాసిరి. ఆ ఖండనలు నేటికిని భిక్షువు సెంగ్ యూ చేసిన సంకలనములో చదువవచ్చును. అఱువదిమంది కలిసి యొకనికి సమాధానము వ్రాయవలసివచ్చుటయే ఆ యొకని బలమునకు సాక్ష్యమని నేననుకొందును.

చార్వాకునకును ఫాన్ జెన్‌కును గల భేద మిచ్చటనే కనిపెట్టవలెను. విజయనగరకాలమున, 14వ శతాబ్దమున వెలసిన సర్వదర్శనసంగ్రహము చార్వాకమతముతోడనే ప్రారంభమగును. కాని అందు చార్వాకునకు భోగమే పరమపురుషార్థమైనది. ఆతడు నిజముగ నట్లు చెప్పెనో, ప్రతిపక్షులు ఆతనికట్లు అంటగట్టిరో, ఆతని గ్రంథములు నశించుటచే తీర్పు చెప్పువారు లేరు. మనదేశమున పరలోకము లేదన్నవాడు భోగి యగునని, కనీసము ఋణము లెగవేయువాడగునని లోకము రూఢిగ నమ్మినది. ఫాన్ జెన్ గ్రంథమో, తుదకు వచ్చుసరికి ధర్మశాస్త్రమువలె మాటలాడును. జనులు నరకభయముచేతను స్వర్గాశచేతను ఉన్నదంతయు విహారములకు సమర్పించుచు, ఆకలిగొన్న బంధువునకు గుప్పెడు గింజలు విదల్పకున్నారని ఆయన యావేదన. ఆత్మ నశించునని రుజువుచేయుట ఆయనకు సాధనమే. ఆయనకు కావలసినది, కొడుకు తండ్రిని, ధనికుడు బీదబంధువును, ప్రభువు ప్రజను మరల చూచుట.

తాంగ్ వంశకాలమున హాన్ యూ 819లో బుద్ధధాతువును రాజప్రాసాదమునకు కొనిరాదగదని విజ్ఞప్తి వ్రాసి దూరమగు చావ్‌జౌకు బహిష్కృతుడైన వృత్తాంతము ప్రసిద్ధము. 845లో వూజాంగ్ చక్రవర్తి నాలుగువేల ఆఱువందల విహారములను కూల్పించి, రెండు లక్షల అఱువదివేల భిక్షు భిక్షుణీజనమును గృహస్థాశ్రమమునకు మరలించిన సంగతియు చరిత్రపుస్తకములయందున్నదే. వీనియందు రాజకీయమును ధనకాంక్షయు ఎక్కువ, తత్త్వము తక్కువ. కావున వీనిని దాటి సుంగ్ కాలమునకు పోవుదము.

సుంగ్ పండితులలో చరిత్రకారుడగు సిమా గువాంగ్ వాదము సరళమైనది, న్యాయస్థానమునకు తగినది. చచ్చినవాని దేహము మట్టిలో చివికిపోయినది, చైతన్యము గాలిలో కలిసిపోయినది. యమభటులు కోయుటకును, కాల్చుటకును, దంచుటకును అచ్చట మిగిలినదేమి? బౌద్ధము చైనాకు రాకపూర్వమును చచ్చి బ్రదికినవారు కొందఱుండిరి గదా, వారిలో నొక్కడైన దారితప్పి యమసభకు పోయి పదిమంది యమరాజులను చూచి వచ్చితినని యేల చెప్పలేదు? ఈ రెండవ ప్రశ్నలో చరిత్రకారుని బుద్ధి మెఱయుచున్నది. నరకమును చూచి వచ్చినవాడు తన దేశమున ముందే ప్రచారమందున్న నరకమునే చూచి వచ్చునని ఆయన తొమ్మిదివందల యేండ్లకు పూర్వమే గ్రహించెను.

అసలు తాత్త్వికవాదము జాంగ్ జాయ్‌తో మొదలగును. 1020లో పుట్టిన ఈయన, విశ్వమంతయు చీ అను సూక్ష్మమగు ప్రాణద్రవ్యముచే నిండియున్నదనియు, అది నీరు పేరుకొని మంచుగడ్డ యైనట్లు గడ్డకట్టినప్పుడు వస్తువులును ప్రాణులును అగుననియు, కరగినప్పుడు మరల మహాకాశమున లీనమగుననియు బోధించెను. కరగిపోయినది శూన్యము కాదు. కాని అది మరల ఫలానా వ్యక్తియునుగాదు. కావున చచ్చినవాడు తన స్మృతితోను తన ఋణములతోను మఱియొక గర్భమున ప్రవేశించుననుట చీ స్వభావమెఱుగనివారి మాట యని ఆయన నిర్ణయము. ఆయనకు మేనల్లుని వరుసయగు చెంగ్ యి దీనితోను తృప్తిపడలేదు. ఒకసారి చెదరిపోయిన ప్రాణద్రవ్యము మరల సృష్టికి పనికిరాదనియు, వదలిన ఊపిరియే మరల లోనికి వచ్చునదికాదనియు, ప్రకృతికి పాతసరుకు నేఱుకొనవలసినంత దారిద్ర్యము పట్టలేదనియు ఆయన వాదము. ఒక శతాబ్దము గడచిన పిమ్మట జూ షీ ఈ తగవు తీర్చుచు, జాంగ్ జాయ్ బౌద్ధుల పునర్జన్మమును ఖండింపబోయి తానే యొక పెద్ద పునర్జన్మచక్రమును నిర్మించెనని తేల్చెను. గురువులవంటివారియందైనను తప్పును తప్పనుటకు వెనుదీయని ఈ నిష్కర్ష నాకు వారి సిద్ధాంతములకన్న నెక్కువ గౌరవపాత్రముగ తోచును.

జూ షీ బౌద్ధమును బయటినుండి చూచి తిట్టినవాడు కాడు. యౌవనమున చాన్ భిక్షువులను సేవించినవాడు. 1148లో రాజోద్యోగపరీక్ష నిచ్చినప్పుడు ఒక భిక్షువు చెప్పిన భావములనే సమాధానపత్రమున వాడుకొంటినని శిష్యులకు తానే చెప్పినవాడు. కావున ఆయన ఖండనము జనసామాన్యపు యమసభతో నాగక ధ్యానులయొద్దకును పోయినది. మీరు చూచితిమనుచున్న నిత్యవస్తువు చూచుట, వినుట, కదలుట యను చైతన్యవ్యాపారమే. అది దేహముతోడనే పోవును. పోకయుండునది ఆ వ్యాపారమును క్రమమున నడపు నియమము. ఆ నియమము నీది కాదు, నాది కాదు, దానికి జన్మములు లేవు, అని ఆయన సిద్ధాంతము.

అయినను జూ షీకి నొక చిక్కు వచ్చినది. ఆత్మ నిలువదన్నచో పితృయజ్ఞ మెవరికి? పితరులకు నివేదనము మానుమనుట కన్ఫ్యూషియస్ అనుయాయికి ప్రాణాంతకము. చెదరిపోవుట ఒక్క క్షణమున జరుగదనియు, తాతతండ్రుల ప్రాణద్రవ్యమే సంతతి దేహమున ప్రవహించుచున్నది గనుక, మనుమడు శ్రద్ధాళువై పిలిచినప్పుడు సజాతీయమగు ఆ శేషము స్పందించుననియు ఆయన సమాధానము. అకాలమరణము, దుర్మరణము చెందినవారి ద్రవ్యము త్వరగా చెదరక కొంతకాలము పీడించుననికూడ ఒప్పుకొనెను. బౌద్ధుని గుమ్మములోనుండి వెడలగొట్టిన ఆత్మను పెరటిదారిని లోనికి రానిచ్చుట ఇదియే. జూ షీ భక్తులెవరైన నామీద కోపింతురుగాక, ఇచ్చట ఆయన తర్కము ఆయన యాచారమునకు వంగి నమస్కరించినది.

తర్కమును ప్రక్కనబెట్టి నీతిని చూచినప్పుడు వీరి బలము తెలియును. బౌద్ధము జనులను జననమరణభయముచే నదలించి తనవైపు త్రిప్పుకొనుచున్నదని చెంగ్ యి, ఆయన సోదరుడు, ఈ యిరువురి ముఖ్యాభియోగము. నాకు మంచి జన్మ కావలెను, నాకు నరకము తప్పవలెను, నేను సంసారమునుండి తప్పించుకొనవలెనను ప్రతి కోరికయందును మొదటిమాట నేను అనునదే. ఇట్టి కోరికతో చేసిన దానము వర్తకము, ఇట్టి కోరికతో విడిచిన సంసారము పాఱిపోవుట. ఋషితుల్యునకు చావు దినచర్యలో నొక భాగము. దానియందు వెఱచుటకును, చర్చించుటకును ఏమియు లేదు. మరణమునుగూర్చి యడిగిన శిష్యుని ముందు జీవితమునే విచారింపుమని కన్ఫ్యూషియస్ మరలించిన సంగతిని వారు తుదివఱకును పట్టుకొనిరి. ఫలాపేక్ష లేని కర్మను బోధించు గీతను నిత్యము పారాయణము చేయు మనము ఈ యభియోగమును పరాయిదిగ చూడనక్కఱలేదు. వారు మాటలతో నూరకుండలేదు కూడ. చెంగ్ యి తన యింట శవసంస్కారమునకు భిక్షువులను పిలువక విడిచిపెట్టెను. లోయాంగ్ నగరమున తమ్ము జూచి యింకొకటి రెండు కుటుంబములు మాత్రమే అట్లు చేసినవని ఆయనయే చెప్పెను. ఇంతపెద్ద తాత్త్వికునకు ఒకటి రెండు కుటుంబములు! సిద్ధాంతమును గెలిపించుటకన్న శ్రాద్ధమును మార్పించుట కష్టమని మనవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఈ వాదము కొరియాలో రాజశాసనమైనది. 1392లో వెలసిన జొసొన్ రాజ్యమునకు రూపశిల్పియగు జంగ్ దోజన్, 1398లో బౌద్ధఖండనము వ్రాసి, ఆ యేడే రాజకుమారుల కలహమున వధింపబడెను. ఆ గ్రంథమున మొదటి ప్రకరణమే పునర్జన్మఖండనము. అందలి జనసంఖ్యావాదము ముచ్చటైనది. ఉన్న ఆత్మలే మరల మరల పుట్టుచున్నచో ప్రాణుల మొత్తము ఎప్పుడును స్థిరముగ నుండవలెను. మనుష్యులు పెరిగినప్పుడు పక్షులో చేపలో తగ్గవలెను. కాని సుభిక్షకాలమున మనుష్యులు, పశువులు, పక్షులు, చేపలు అన్నియు నొక్కసారి వృద్ధిపొందుచున్నవి, క్షామకాలమున అన్నియు నొక్కసారి క్షీణించుచున్నవి గదా యని ఆయన ప్రశ్న. లోకములు లెక్కకు మిక్కిలి కలవను బౌద్ధునకు ఇది తగులని దెబ్బ. అయినను పరలోకవిషయమును పొలములోను చెరువులోను లెక్కపెట్టి చూతమనిన ఆ బుద్ధి మెచ్చదగినది. రోగి వచ్చినప్పుడు వైద్యుడు శీతోష్ణాది వైషమ్యములను విచారించునే కాని పూర్వజన్మకర్మను విచారింపడని ఆయన మఱియొకమాట. మన చరకాచార్యుడు కర్మజవ్యాధులను కూడ నొప్పుకొన్నాడనునది వేఱు సంగతి.

బౌద్ధులపక్షమున ఉత్తమమగు సమాధానమిచ్చినవాడు గిహ్వా అను భిక్షువు. 1376లో పుట్టి, కన్ఫ్యూషియస్ విద్యాలయముననే చదివి, మిత్రుని మరణముతో విరక్తుడై సన్న్యసించిన ఈయన కోపగింపక వ్రాసెను. పంచశీలములును మీ పంచధర్మములును ఒకటియే. దయ పరమధర్మమనుచు వేటకును గాలమునకును సందు విడుచుట మీకెట్లు తగునని ఆయన యడిగినదానికి కన్ఫ్యూషియస్ పక్షమునుండి సరియైన ఉత్తరమును నేనెచ్చటను చదువలేదు.

ఈ కన్ఫ్యూషియస్ పండితుల లోపములను దాచి ప్రశంసించుట నా యుద్దేశము కాదు. ఆకలిచావు స్వల్పవిషయము, వితంతువు మరల పెండ్లాడి శీలము చెఱచుకొనుట ఘోరవిషయము అన్నవాడు ఆ చెంగ్ యియే. ఆ మాట తరువాతి శతాబ్దములలో లెక్కలేనంతమంది స్త్రీల కంఠములకు బిగిసినది. 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు వితంతువివాహము జరిపించినప్పుడు ఎదురునిలిచినవారు పునర్జన్మమును నమ్మినవారే. కావున నమ్ముటవలనగాని నమ్మకపోవుటవలనగాని కారుణ్యము దానంతట నది కలుగదు. మఱియు దుఃఖితునకు వీరి దర్శనమున ఊరట తక్కువ. కొరియా రాజులలో మేటియగు సెజోంగ్ 1424లో బౌద్ధశాఖలను రెండింటికి కుదించి, ముప్పదియాఱు విహారములను మాత్రమే నిలిపెను. 1446లో పట్టమహిషి గతింపగా, ఆ రాజే ఆమె పుణ్యలోకప్రాప్తికై కుమారునిచే బుద్ధచరిత్రము కూర్పించి, దానిని చదివి తాను స్వయముగ బుద్ధస్తుతికావ్యము రచించెను. ఆస్థానపండితులు ఆక్షేపించిరి, రాజు వినలేదు.

నా యభిప్రాయ మిది. బుద్ధుడు చెప్పిన అనాత్మవాదమును ఈ ఖండనము తాకలేదు, నాగార్జునుని దరిదాపులకు రాలేదు. కాని, చావుభయమును పెట్టుబడిగ పెట్టి పుణ్యమును అమ్ముకొను ప్రతి మతమును అది తాకినది, అందు మన మతమును కలదు. ధర్మమునకు పునర్జన్మవిశ్వాసము ఆధారస్తంభమను వాదమును అది సమూలముగ పెల్లగించినది. 1313లో రాజశాసనముచే జూ షీ వ్యాఖ్యలు చైనాలో ఉద్యోగపరీక్షలకు ప్రమాణమై 1905 వఱకు, అనగా ఇంచుమించు ఆఱువందల యేండ్లు నిలిచినవి. జన్మాంతరము లేదన్న గురువు వ్యాఖ్యలను కంఠస్థము చేసిన పండితులు అంతకాల మంతపెద్ద రాజ్యమును నడపిరి. వారు దేవతలు కారు, మన యధికారులకన్న నీచులునుగారు. ఫాన్ జెన్ గ్రంథము కొద్దిపుటలది. జంగ్ దోజన్ ఖండనమును, గిహ్వా సమాధానమును పెద్దవి కావు. మన విశ్వవిద్యాలయములలో తత్త్వశాస్త్రము బోధించు పెద్దలు ఈ మూడింటిని ఒక్క సంపుటముగ తెలుగున వెలువరించి, సర్వదర్శనసంగ్రహము ప్రక్కన నుంచి విద్యార్థులచే చదివింపవలెనని నా విన్నపము.